చంద్రుడి కొప్పు కోసం తార్నాక దాకా

తార్నాకకు పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మా స్టాఫ్‌రూములో ముందే నవ్వారు. నిజమే, పొద్దున్నే జనగామలో బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరుకునే చోటు. కాశీకి పోయినవాళ్ళు గంగనీళ్ళు తెస్తారు. నేను మూడు రోజులు పోయి ఒక తికమక తెచ్చుకున్నాను. అది ఇంకా పూర్తిగా తీరలేదు. తీరకముందే రాసిపెడుతున్నాను. తీరాక రాస్తే, మొదటినుంచీ అన్నీ తెలిసినదానిలా రాసేస్తానని నా మీద నాకే అనుమానం.

నేను తెలుగు పంతులమ్మను. ఇరవై రెండేళ్ళుగా సంధులూ సమాసాలూ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. మా బడిలో సైన్సు సారు బదిలీ అయి వెళ్ళాడు, ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు. "వసంత మేడమ్‌కు గొంతు పెద్దది, ఎనిమిదో తరగతి సైన్సు గూడ ఆమెనే చూసుకుంటది" అని హెడ్మాస్టరు తేల్చేశాడు. గొంతుకూ గ్రహాలకూ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

చంద్రుడి పాఠం నాడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు గానీ తన చుట్టూ తాను తిరగడు, అందుకే మనకు ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుందని చెప్పాను. చదివి కాదు, నాకట్లా తోచింది. మూడో బెంచీలో స్వప్న లేచి నిలబడింది.

"మేడం, తన సుట్టు తాను గూడ తిరుగుతడు మేడం."

"తిరిగితే వీపు కనవడాలె గద? ఎప్పుడన్న చూసినవా చంద్రుని వీపు?"

క్లాసంతా ఘొల్లుమంది. పిల్ల కూర్చోలేదు. "కనవడకుండనే తిరుగుతడు మేడం" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, "అయితె నువ్వే చెప్పు పాఠం, నీ జాగల నేను కూసుంట" అని నిజంగానే పోయి మూడో బెంచీలో కూర్చున్నాను. స్వప్న బోర్డు దాకా పోయింది. ఆ తర్వాత సుద్దముక్క బల్ల మీద పెట్టి, సంచి తీసుకుని, చివరి బెంచీకి పోయింది. ఆ రోజు నుంచి మళ్ళీ చెయ్యెత్తలేదు.

అంతటితో ఊరుకున్నానా? యూనిట్ పరీక్షలో కావాలనే ఆ ప్రశ్న ఇచ్చాను. చంద్రుడు తన చుట్టూ తాను తిరుగుతాడా? రెండు మార్కులు. ఆ జవాబు కాగితాల కట్ట నా సంచిలో ఉండగానే, తార్నాక పక్కన విశ్వవిద్యాలయంలో సౌరకుటుంబం గురించి మూడు రోజుల శిక్షణకు రమ్మని కాగితం వచ్చింది.

మెట్రో దిగి

బస్సులో పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ముప్పై మంది ముప్పై తీర్ల చేతిరాతతో ఒకటే మాట రాశారు, తిరగడు అని. ముప్పైకీ టిక్కు పెట్టాను. ముప్పై ఒకటోది స్వప్న పేపరు. దాన్ని మాత్రం తెరవకుండా మడతపెట్టి సంచి అడుక్కి తోశాను. తిరుగుతాడని రాసి ఉంటే ఇంటూ పెట్టాలి. ఘట్‌కేసర్ దాటేసరికి, ఆ ఇంటూ పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదని తెలిసింది. ఒకవేళ పిల్ల చెప్పిందే నిజమైతే? ఉప్పల్లో దిగేదాకా ఆ "ఒకవేళ" నన్ను దోమలా కుట్టింది.

తార్నాక మెట్రో స్టేషన్లో ఏ మెట్లు దిగితే ఎటు తేలతామో నాకు అర్థం కాలేదు. ఒకసారి దిగి, తప్పని మళ్ళీ ఎక్కి, ఇంకోవైపు దిగాను. ఒక ఆటో అతను ఆగాడు. హాస్టలున్న గల్లీ పేరు చెప్తే ఎనభై అన్నాడు.

"గా కనవడే గల్లీకి ఎనభయ్యా? మా ఊర్ల ఎనభై రూపాయలకు అడివంత తిప్పుతరు!"

"యూ టర్న్ గాడ దూరం ఉన్నదమ్మా, సుట్టు తిరిగి రావాలె. ఆటోల పోతె పావుగంట, నడిస్తె ఐదు నిమిషాలు. నడువరాదు?" అని నవ్వాడు. బేరం పోగొట్టుకుని మరీ దారి చెప్పినవాణ్ణి అక్కడే చూశాను.

మా ఊళ్ళో సంచి పట్టుకుని కొత్త మనిషి దిగితే ఎవరింటికి, ఎవరి తాలూకు అని వీధంతా అడుగుతుంది. ఇక్కడ ఒక్కరు అడగలేదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు మాత్రం వరసగా నన్నే చూశారు.

లేడీస్ హాస్టల్లో నా గదిలో అప్పటికే ఒకామె చీరలు ఆరేసుకుంటోంది. పేరు సుగుణ, సూర్యాపేట వైపు సోషల్ టీచరు. మెడలో చిన్న సిలువ, నోటినిండా నవ్వు. "మా సైన్సు సారు గూడ పోయిండక్కా. నాకు అశోకుడు దెలుసు గని అంగారకుడు ఏం దెలుసు?" అంది. అప్పుడే మా ఇద్దరికీ దోస్తీ కుదిరిపోయింది.

ఖర్బూజా సూర్యుడు

విశ్వవిద్యాలయం క్యాంపస్ మా మండలమంత ఉంది. చెట్ల కింద పుస్తకాలు ముందేసుకుని ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు. కొందరికి తల నెరుస్తోంది, అయినా పిల్లలే. మాకు శిక్షణ ఇచ్చే ప్రొఫెసరు సారు సన్నగా, చెప్పుల కాళ్ళతో, కోచింగులో కుర్రాడిలా ఉన్నాడు. ఒక ఖర్బూజా తెచ్చి మెట్ల మీద పెట్టి, ఇదే సూర్యుడన్నాడు.

సూర్యుడు ఖర్బూజా అంత అయితే భూమి ఒక ఆవగింజట. పదిహేను మీటర్ల అవతల ఒక మేడం ఆ ఆవగింజను అరచేతిలో పెట్టుకుని నిలబడింది. బృహస్పతి రేగిపండు. నాకు పెసరగింజ ఒకటి ఇచ్చి, "మీరు నెప్ట్యూన్ మేడం. నాలుగువందల యాభై మీటర్లు పోవాలి" అన్నాడు. నడిచాను, నడిచాను. శని కూడా వెనకబడిపోయాడు. చివరికి ఒక కల్వర్టు దగ్గర ఆగి వెనక్కి చూస్తే ఖర్బూజా కాదుకదా, మెట్లే కంటికి సరిగ్గా ఆనలేదు.

ఇక గ్రహాలన్నీ తిరగాలి. బుధుడైన, పిల్లగాడిలాంటి కొత్త టీచరు ఉరుకుతున్నట్టు దూరం నుంచి కనిపించాడు. నన్ను మాత్రం కదలొద్దన్నారు. నెప్ట్యూను సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టేసరికి భూమి నూట అరవై అయిదు చుట్లు కొడుతుందట. కదలొద్దన్నారు కదా అని కదలలేదు. వాళ్ళందరూ ఎప్పుడో చుట్లు ముగించి భోజనాలకు పోయారు. నెప్ట్యూను ఒకటుందని ఎవరికీ గుర్తు లేదు. అరగంటయ్యాక నేనే బయలుదేరి, దారి తప్పి, విద్యానగర్ వైపు గేటు దగ్గర తేలాను. అక్కడి వాచ్‌మెన్ "ఎవల కోసమమ్మా?" అంటే "సూర్యుడి కోసం" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

తిరిగొచ్చేసరికి పులిహోర అయిపోయింది. అడుగున మిగిలిన పెరుగన్నం, ఒక అరటిపండు నా వాటా. సుగుణ మాత్రం నాకోసం రెండు గారెలు కాగితంలో దాచింది.

మా బడిలో ఒక మేడం

మధ్యాహ్నం ప్రశ్నలు అడగమన్నారు. నలభై మంది టీచర్ల ముందు నాది తప్పని బయటపెట్టుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. లేచి ఇట్లా అన్నాను: "సార్, మా బడిల ఒక మేడం ఉన్నది. చంద్రుడు తన చుట్టు తాను తిరగడని పిల్లలకు చెప్పింది. అది కరెక్టేనా?"

"తప్పు మేడం. తిరుగుతాడు. భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి ఎంత కాలం పడుతుందో, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికీ సరిగ్గా అంతే. అందుకే ఒకే ముఖం చూస్తాం."

నాదే తప్పని తేలింది. అయినా బుద్ధి ఊరుకోదు కదా. తిరిగేవాడైతే వీపెందుకు చూపడు? ఈలోపు వెనక వరసలో లెక్కల సారు ఒకాయన లేచాడు. "గానుగెద్దు గానుగ సుట్టు తిరుగుతది సార్. తన సుట్టు తాను తిరుగుతదా? తిరిగితె తాడు మెలివడదా? గా మేడం చెప్పింది కరెక్టే!"

లేచి ఆయనకు దండం పెట్టాలనిపించింది. ప్రొఫెసరు సారు బోర్డు మీద వృత్తం గీసి, బాణాలు గీసి, బాణాల పక్కన ఇంకొన్ని బాణాలు గీశాడు. సగం మంది ఎద్దు పక్షం, సగం మంది బాణాల పక్షం. నేను ఏ పక్షమో నాకే తెలియలేదు. ఎద్దు మాట విన్నప్పుడు ఎద్దు నిజం, బాణం చూసినప్పుడు బాణం నిజం.

చీకటి పడుతుండగా టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించారు. సగం చంద్రుడు. సున్నపు గోడ పెచ్చులూడినట్టు గుంటలు. చూస్తుండగానే పక్కకు జరిగి అద్దంలోంచి తప్పుకున్నాడు.

"సారూ, చంద్రుడు ఉరుకుతుండు!"

"ఉరుకుతున్నది మనమే మేడం. భూమి తిరుగుతోంది కదా."

సరిపోయింది. నిలబడ్డ నేను ఉరుకుతున్నాను, ఉరికేవాడు నిలబడ్డాడు. పొద్దున నెప్ట్యూనుగా నిలబడిందీ ఉరకడమేనేమో. ఇరవై రూపాయల ఛాయ్ తాగినా తల దిమ్ము తగ్గలేదు. మా ఊళ్ళో ఆ ఛాయ్ పది రూపాయలు, పైగా గ్లాసు నిండా పోస్తారు.

బకెట్టు చుట్టూ

రెండో రోజంతా తోకచుక్కల గురించి చెప్పారు, ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం హాస్టల్ మిద్దె మీద బట్టలు తీస్తుంటే సుగుణ అడిగేసింది.

"అక్కా, నిజం చెప్పు. గా మేడం నువ్వే గద?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. సుద్దముక్క సంగతి, చివరి బెంచీ సంగతి, పరీక్ష సంగతి అన్నీ చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. సుగుణ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పిల్ల ఏం రాసిందో చూసినవా?" అంది. లేదన్నాను. "నాకు అర్థం గాకుండ ఆ పేపరు ఎట్ల తెరువాలె సుగుణా? సారు తిరుగుతడన్నడని నేను తిరుగుతడంటే, పిల్లలు నేను చెప్పింది రాసినట్టే అయితది గద."

హాస్టల్లో వంట చేసే యాదమ్మ ఒడియాలు ఎత్తడానికి మిద్దె మీదికి వచ్చింది. బౌద్ధనగర్ నుంచి రోజూ నడిచి వస్తుంది, అరవై దాటిన మనిషి. "ఏం పంచాయితమ్మ మీది?" అని అడిగింది. సుగుణ చెప్పింది. యాదమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "నాకు సదువు రాదు గని, సుట్టు తిరుగుడు నాకు రాదా? ఎన్ని బతుకమ్మలు ఆడిన!" అంది. బకెట్టు బోర్లించి మిద్దె నడుమ దాని మీద కూర్చుంది. "నేనే బతుకమ్మను. ఆడుండ్రి."

సుగుణ సిలువ సర్దుకుని చెంగు దోపింది. "మా వాడల చర్చికి పోయేటోళ్ళం గూడ ఆడుతమక్కా, చూస్తవేంది, రా!"

ఆడాను. యాదమ్మ వైపు ముఖం పెట్టి, చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ ఆమె చుట్టూ తిరిగాను. మొదట ఆమె తల మీదుగా మెట్రో పట్టాలు కనిపించాయి. నాలుగడుగులకు నీళ్ళ ట్యాంకు. ఇంకో నాలుగడుగులకు క్యాంపస్ చెట్లు. తర్వాత పక్క ఫ్లాట్లలో ఆరేసిన దుప్పట్లు. మళ్ళీ మెట్రో పట్టాలు. నా కాళ్ళు ఆగిపోయాయి.

"యాదమ్మా, నీకేం కనవడ్డది?"

"నీ మొఖమే. ఇంకేం కనవడ్తది?"

"నాకు నాలుగు దిక్కులు కనవడ్డయి!"

నిలబడ్డచోట నాలుగు దిక్కులూ కనిపించాలంటే మనిషి తన చుట్టూ తాను తిరగాలి. నేను తిరిగాను. యాదమ్మ చుట్టూ ఒక చుట్టు, నా చుట్టూ నేను ఒక చుట్టు, రెండూ ఒకేసారి. నలభై ఏళ్ళుగా బతుకమ్మ ఆడుతూ అట్లా తిరుగుతూనే ఉన్నాను, ఒక్కనాడూ తెలియలేదు.

"తిరుగకుంట పోతె ఎట్లుంటదో నేను చూపిస్త" అంది సుగుణ. ముఖం మెట్రో వైపే పెట్టి, ఎటూ తిప్పకుండా, పీతలా పక్కకూ వెనక్కూ అడుగులేస్తూ యాదమ్మను చుట్టింది. యాదమ్మ కూర్చున్నచోటే జరుగుతూ ఆమెను చూస్తోంది. ఒకచోట మొహం కనిపించింది, ఒకచోట చెవి. ఇంకాస్త పోగానే యాదమ్మ అరిచింది.

"ఓయమ్మ, గిప్పుడు నీ కొప్పు కనవడ్డది!"

అదే. తన చుట్టూ తాను తిరగనిదానికే కొప్పు కనిపిస్తుంది. తిరిగేవాడు కాబట్టే చంద్రుడు కొప్పు చూపించడు. గానుగెద్దుకైనా అంతే, దాని కళ్ళ ముందు కూడా నాలుగు దిక్కులూ తిరుగుతూనే ఉంటాయి. తాడు సంగతి తర్వాత చూసుకోవచ్చు. నేను సంతోషంతో ఇంకో చుట్టు తిరగబోయి, తడిబట్టల నీళ్ళలో కాలు జారి కూలబడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. యాదమ్మ పసుపు పెట్టింది. ఆమెను చూస్తే, నేను చదివిన చదువంతా సిగ్గుపడాల్సిందే అనిపించింది.

తలెత్తితే సగం చంద్రుడు పైనే ఉన్నాడు. సంతోషం అంతటితో చల్లారింది. స్వప్న చెప్పిందే నిజం. కనవడకుండనే తిరుగుతడు మేడం, అన్న మాట తూచినట్టు కరెక్టు.

అడుగున ఉన్న పేపరు

మూడో రోజు మధ్యాహ్నం తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో నేనూ సుగుణా వీడ్కోలు ఛాయ్ తాగాం. మా దగ్గర ఛాయ్‌లో అటుకులేసుకుంటాం, ఇక్కడ ఉప్పుబిస్కెట్ ముంచుకుంటారు. ముంచిన బిస్కెట్ నా గ్లాసులోనే కరిగి మునిగిపోయింది. దాన్ని చెంచాతో వెతుకుతుంటే, "అక్కా, ఛాయ్‌ల దేవులాడింది చాలు. పేపరు తియ్యి" అంది సుగుణ.

తీశాను. నాలుగో ప్రశ్న దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది: చంద్రుడు తన చుట్టూ తాను కూడా తిరుగుతాడు, భూమి చుట్టూ తిరిగే కాలమూ ఆ కాలమూ ఒకటే. దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రెండోది: చంద్రుడు తన చుట్టూ తాను తిరగడు.

"గీత గూడ స్కేలు పెట్టి కొట్టిందక్కా" అంది సుగుణ మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. హోటల్లో నలుగురూ చూస్తున్నా ఆగలేదు. తిరుగుతాడని మొండిగా రాసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. తెలిసిన నిజాన్ని, నా రెండు మార్కుల కోసం, అంత శుభ్రంగా కొట్టేసుకుంది పిల్ల. ఎర్రపెన్ను తీసి పట్టుకున్నాను. కింది జవాబుకు టిక్కు పెడితే తప్పుకు టిక్కు పెట్టినట్టు. ఇంటూ పెడితే నేను చెప్పినదానికి పిల్లను శిక్షించినట్టు. కొట్టేసినదాన్ని దిద్దకూడదని రూలు. బస్సెక్కి జనగామ చేరేదాకా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

మళ్ళీ ఎనిమిదో తరగతి

మర్నాడు బడిలో ఆయా దగ్గర బకెట్టు అడిగి గ్రౌండులో బోర్లించాను. ఆడపిల్లలు బతుకమ్మ ఆడారు, మగపిల్లలు సిగ్గుపడుతూ ఆడారు. కొప్పు లేకపోతే జడ, జడ లేకపోతే వీపు. పావుగంటలో అందరికీ అర్థమైంది, నాకు మూడు రోజులు పట్టిన ముక్క. స్వప్న అందరితోపాటు తిరిగింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

క్లాసులోకి వచ్చాక చెప్పాను. "ఆ రోజు స్వప్న చెప్పిందే కరెక్టు. నేను చెప్పింది తప్పు. తప్పు చెప్పి, పైనుంచి ఆ పిల్లను నవ్వులపాలు చేసిన. అది ఇంకా పెద్ద తప్పు." పేపర్లు పంచాను. ముప్పై మందికీ జవాబు దిద్ది, మార్కులు మాత్రం ఉంచాను. రాయించింది నేను కదా.

స్వప్న తన పేపరు చూసుకుంది. లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, కొట్టేసినదానికి మార్కులెయ్యరు గద?"

"కొట్టేయించింది నేను బిడ్డా. అందుకే ఏసిన."

ఆమె పేపరు మడిచింది. పోతుందనుకున్నాను. పోలేదు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి అడిగింది.

"మరి మేడం, రెండు తిరుగుళ్ళకు సరిగ్గ ఒకటే టైం ఎట్ల కుదిరింది? కొంచెం గూడ తేడా రాదా?"

ఇదే ప్రశ్న నేను తార్నాక నుంచి తిరిగొచ్చే ముందు ప్రొఫెసరు సారును అడిగాను. భూమి లాగడం వల్లనే కోట్ల ఏళ్ళకు అట్లా కుదురుకుందని ఏదో చెప్పాడు, తల ఊపి వచ్చాను. లాగితే ఎందుకు కుదురుకుంటుందో నాకు ఈరోజుకీ బోధపడలేదు. నా పెద్ద గొంతు సవరించుకుని ఏదో ఒకటి చెప్పేయబోయాను. అలవాటు కదా. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

"భూమి లాగుడు వల్లనంట. అంతకంటె నాకు తెల్వదు బిడ్డా. నాకు అర్థం గాలే."

స్వప్న చివరి బెంచీకి పోయి, సంచి భుజానేసుకుని, తిరిగి వచ్చి మూడో బెంచీలో కూర్చుంది.